వెనక సీట్లో గురువు

శిక్షణ విమానంలో అన్నీ రెండేసి ఉంటాయి. రెండు సీట్లు, రెండు స్టిక్కులు, రెండు థ్రాటిళ్లు, కాళ్ల కింద రెండు జతల రడ్డర్ పెడళ్లు. ఒకరు స్టిక్ కదిపితే రెండోవారి చేతిలోదీ అదే దారిన కదులుతుంది. ఒక సీట్లో ఇరవై రెండేళ్ల కుర్రాడో అమ్మాయో ఉంటారు. రెండో సీట్లో ఉన్నవారు వందల గంటలు గాలిలో గడిపి, ఆపైన నేర్పడమెలాగో విడిగా నేర్చుకుని వచ్చినవారు. ఇద్దరిలో ఎవరి పని కష్టమంటే చాలామంది నేర్చుకునేవారిదే అంటారు. నాకు మాత్రం నేర్పేవారిదే అనిపిస్తుంది. తప్పు జరగబోతోందని వాళ్లకు ముందే తెలుసు. స్టిక్ చేతికందే దూరంలోనే ఉంది. అయినా పట్టుకోకూడదు. తొందరపడి పట్టుకుంటే పాఠం పోతుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. మన వైమానిక దళం చదువులో అసలు భాగం ఆ నడిమి సెకన్లలోనే సాగుతుంది.

ఈ సంగతి అనంతపురంలో కూర్చుని రాయడానికి కారణముంది. మన ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి పోతే యలహంక, దాని వెనకే బెంగళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) కర్మాగారం. వి.ఎం. ఘాటగే బృందం రూపొందించగా 1951లో తొలిసారి ఎగిరిన హెచ్‌టీ-2 మొదలు, మన దేశం సొంతంగా తయారు చేసుకున్న శిక్షణ విమానాలు పుట్టింది అక్కడే. అదే రోడ్డున ఉత్తరానికి పోతే హైదరాబాద్ దగ్గరి హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు. ఆ విమానాల్లో పిల్లలు ఎగరడం నేర్చింది అక్కడ. ఒక కొనన యంత్రం, ఇంకో కొనన బడి. రెంటికీ నడుమ గీత గీస్తే ఉమ్మడి అనంతపురం జిల్లా మీదుగానే పోతుంది. అయినా ఈ చదువు గురించి మన దగ్గర మాట్లాడుకునేది తక్కువ. ఏటా 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే ఈ మెట్టసీమలో పైకి చూసేది మబ్బు కోసమే.

మబ్బులేని ఆకాశం ఎగరడం నేర్చుకునేవాళ్లకు మేలే కదా అనుకోవచ్చు. సగమే నిజం. ఏప్రిల్, మే నెలల్లో పీఠభూమి నేల కాగి, పది గంటలయ్యేసరికి వేడిగాలి కింది నుంచి పైకి తన్నుకొస్తుంది. చిన్న విమానాన్ని ఎత్తి కుదేస్తుంది. వేడికి గాలి పలచబడి రెక్కకు బలమూ తగ్గుతుంది, ఇంజిన్‌కూ తగ్గుతుంది. దానికి తోడు దక్కన్‌లోని ఈ విమాన స్థావరాలన్నీ సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉన్నవి. యలహంక దాదాపు 3,000 అడుగులు, దుండిగల్ 2,000 అడుగులు. అందుకే కొత్త క్యాడెట్లకు తెల్లవారుజాము గాలి మంచిది.

మైసూరు దాకా వెళ్లే దారి

కళ్యాణదుర్గంలోనో ఉరవకొండలోనో ఇంటర్ చదివే పిల్లలకు ఈ కాక్‌పిట్ అందనంత దూరమేమీ కాదు. లెక్కలు, ఫిజిక్స్‌తో ఇంటర్ చదువుతూ ఎన్‌డీఏ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ అయ్యాక వైమానిక దళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచీ ఉంది. రాయలసీమకు సొంత సైనిక్ స్కూలు 2014లో కలికిరిలో వచ్చింది. రాత పరీక్ష గట్టెక్కినవాళ్లకు వైమానిక దళ ఎంపిక బోర్డుల్లో మనకు దగ్గరిది మైసూరు.

ఇక్కడ కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లలో పెద్ద అక్షరాలతో వేయాల్సిన సంగతి ఒకటుంది. పైలట్ కావాలంటే ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అది అందరికీ తెలిసిందే. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య, తొడ పొడవు 64 సెంటీమీటర్లకు లోపు ఉండాలన్నది చాలామందికి అక్కడికి పోయాకే తెలుస్తుంది. కాలు పొట్టిదైతే పెడల్ అందదు. తొడ మరీ పొడుగైతే ఆపదలో సీటుతో సహా బయటికి ఎగిరేటప్పుడు మోకాళ్లు ముందున్న పలకకు కొట్టుకుంటాయి. ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకుని పోతే రైలు చార్జీలైనా మిగులుతాయి. కంప్యూటర్ మీద చేసే పైలట్ ఎంపిక పరీక్ష ఇంకో సంగతి. చెయ్యీ, కన్నూ, కాలూ ఒక్కసారే ఎంత పొందికగా పనిచేస్తాయో చూసే పరీక్ష అది. జన్మకు ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే పైలట్ దారి అక్కడితో సరి. రెండో అవకాశం లేని పరీక్ష మన చదువుల్లో ఇంకెక్కడా నాకు తారసపడలేదు. సాధనతో పెరిగే నేర్పు కాకుండా పుట్టుకతో వచ్చిన పొందికను కొలవాలని చేసిన ఏర్పాటు అంటారు. అది ఎంతవరకు న్యాయమో చర్చించాల్సిందే.

గొట్టంలోంచి వచ్చిన పాఠం

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ 1967 అక్టోబరు 11న శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. అయితే హైదరాబాద్ చుట్టుపక్కల సైనిక విమాన చదువు అంతకంటే పాతది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. రెండు రెక్కల టైగర్ మాత్ విమానాలు, పైకప్పు లేని కాక్‌పిట్లు. ఇంజిన్ రొదలో, ముఖానికి కొట్టే గాలిలో గురువు మాట శిష్యుడికి చేరాలంటే రబ్బరు గొట్టమే ఆధారం. ఒక కొస గురువు నోటి దగ్గర, రెండోది శిష్యుడి చెవుల దగ్గర. దానికి గాస్‌పోర్ట్ గొట్టమని పేరు.

ఆ పేరు వెనకున్న మనిషిని తలుచుకోవాలి. 1917లో ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బ్యారీ అనే అధికారి శిక్షణ తీరునే తిరగేశాడు. అప్పటిదాకా ప్రమాదకరమైన స్థితుల్లోకి పోకుండా ఎలా ఉండాలో చెప్పేవారు. కొత్తవాళ్లు ఏదో ఒకనాడు పోనే పోయేవారు, బయటపడే దారి తెలియక కూలిపోయేవారు. స్మిత్-బ్యారీ రెండు జతల కంట్రోళ్లున్న అవ్రో 504 తీసుకుని, శిష్యుణ్ని కావాలనే ఆ స్థితిలోకి తీసుకెళ్లి, ఎందుకలా అయిందో చెప్పి, శిష్యుడి చేతనే బయటికి తీయించాడు. ఈ రోజు దుండిగల్ మీద జరిగే పాఠం వెన్నెముక ఇదే.

పాఠం నేల మీదే మొదలవుతుంది. ఎగరడానికి ముందు బోర్డు దగ్గర బ్రీఫింగ్. పైకి వెళ్లాక ఇన్‌స్ట్రక్టర్ తాను చేసి చూపిస్తారు. అప్పుడు క్యాడెట్ చేతులు స్టిక్ మీద తేలిగ్గా ఉంచి ఆ కదలికను పసిగడతారు. తర్వాత క్యాడెట్ వంతు. దిగాక డీబ్రీఫింగ్, ఏ క్షణాన ఏం జరిగిందో, ఏం జరగాల్సిందో. గాలిలో ఎవరి చేతిలో విమానముందన్న విషయంలో అనుమానం ఉండకూడదు కనుక ‘ఐ హ్యావ్ కంట్రోల్స్’, ‘యూ హ్యావ్ కంట్రోల్స్’ అని పైకి అనాల్సిందే. ఇద్దరూ తన చేతిలోనే ఉందనుకున్నా, ఇద్దరూ ఎదుటివారి చేతిలో ఉందనుకున్నా కొంపమునిగేదే.

చేసి చూపించేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ నోరు ఆగదు. చెయ్యి చేసే పనినీ కన్ను చూసేదాన్నీ అదే క్షణంలో, తక్కువ మాటల్లో, తడబడకుండా చెబుతూ పోవాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ప్యాటర్. విమానం ముక్కు దిగంతానికి ఎంత కింద ఉంది, వేగం ఎంత, ఏ కాలు ఎంత నొక్కుతున్నారు, అన్నీ అందులో వస్తాయి. మాట ఒక సెకను వెనకబడితే పాఠం తప్పు, ముందు పడినా తప్పే. బాగా ఎగరగలిగినవాళ్లందరూ ఇది చేయలేరు. అందుకే నేర్పేవాళ్లకు వేరే బడి. 1948లో అంబాలాలో పెట్టిన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూలు 1954లో మద్రాసు పక్కన తాంబరానికి వచ్చింది. యుద్ధవిమానాలు నడిపి వచ్చినవాళ్లు కూడా అక్కడ మళ్లీ విద్యార్థులే. ఎగరడాన్ని మాటల్లో పెట్టడం కొత్తగా నేర్చుకోవాలి. బయటికొచ్చాక కూడా సీ, బీ, ఏ2, ఏ1 అని మెట్లు. ఏ1 దాకా చేరేది కొద్దిమందే. గాలిలో రంగుల పొగతో గీతలు గీసే సూర్యకిరణ్ బృందం 1996లో బీదర్‌లో మొదలైంది. అందులో ఎగిరే పైలట్లందరూ ఇలా నేర్పడంలో అర్హత సంపాదించినవాళ్లే. ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టే మనకు వాళ్లు బడిపంతుళ్లని తట్టదు.

ఇక చెయ్యి వేసే సమయం. ల్యాండింగ్ తీసుకోండి. రన్‌వే మీదికి దిగుతూ కొద్ది అడుగుల ఎత్తులో ముక్కు మెల్లగా ఎత్తి వేగాన్ని చంపుకోవాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ అయితే ఎత్తులోనే ఎత్తేస్తారు, కాకపోతే ఎత్తడమే మరిచి నేల మీదికి పోతారు. ఎత్తులో ఎత్తేసిన విమానం తేలి, వేగం పోయి, దబ్బున పడుతుంది. దబ్బున పడనిస్తే క్యాడెట్‌కు ఆ తప్పు ఒళ్లుకు తెలుస్తుంది. ఎంత గట్టిగా పడితే చక్రాలు తట్టుకుంటాయో, ఎక్కడి నుంచి తట్టుకోవో ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియాలి. ఆ హద్దు ఆ రోజు గాలిని బట్టి, బరువును బట్టి మారుతుంది. ముందున్న పిల్లవాడిని బట్టి కూడా మారుతుంది. బెదిరి బిగుసుకుపోయేవాడి విషయంలో తొందరగా అందుకోవాలి. తప్పును తప్పుగా గుర్తించి దిద్దుకోబోతున్నవాడికి ఇంకో అరసెకను ఇవ్వొచ్చు.

మరి ఆ బిగుసుకుపోవడం గురువుకు ఎలా తెలుస్తుంది? ఇక్కడ సీట్ల అమరిక ముఖ్యం. 1964 సెప్టెంబరు 4న టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ తొలిసారి ఎగిరించిన హెచ్‌జేటీ-16 కిరణ్ జెట్ విమానంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. మన పల్లెల్లో కోడెకు మడక నేర్పేటప్పుడు పాత ఎద్దును వలపట, కోడెను దాపట కట్టినట్టు, ఎడమ పక్క క్యాడెట్, కుడి పక్క ఇన్‌స్ట్రక్టర్. పిల్లవాడి కళ్లు ఏ మీటరు మీద ఆగిపోయాయో, చేతి వేళ్లు స్టిక్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాయో, చెమట పడుతోందో లేదో పక్కచూపుతో తెలిసిపోయేది. అరవకుండా ఒక వేలు చూపిస్తే సరిపోయేది. ఈ రోజు దుండిగల్‌లో నడిచే పిలాటస్ విమానంలో, బీదర్‌లోని హాక్ జెట్‌లో ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. గురువుకు కనిపించేది హెల్మెట్ వెనక భాగమే. స్టిక్ వణుకు, ఇంటర్‌కమ్‌లో ఊపిరి చప్పుడు, రేడియోలో జవాబు ఇచ్చే ముందు పట్టిన జాగు, వీటిని బట్టి పోల్చుకోవాలి.

యుద్ధవిమానంలో పైలట్ నట్టనడుమ కూర్చుంటాడు కనుక మొదటినుంచీ అలా అలవాటు చేయడమే మేలని ఒక వాదం. అందులో బలముంది. పక్కన మనిషి కనిపిస్తుంటే పిల్లలు ఆ మనిషి ముఖం చూసి ఎగురుతారని కూడా అంటారు. అయినా మొదటి కొద్ది గంటల వరకైనా పక్కసీటు మంచిదని నా మనసు అంటుంది. గురువు ముఖం చూసి నేర్చుకోవడం అంత చెడ్డ పద్ధతేమీ కాదు.

తల తిరిగే పాఠం

స్పిన్ అనే పాఠం దగ్గర క్యాడెట్లకూ విమానాల డిజైనర్లకూ ఇద్దరికీ చెమటలు పడతాయి. రెక్క గాలికి మరీ ఎత్తుగా తిరిగితే గాలి దాన్ని అంటిపెట్టుకోక విడిపోతుంది, అది స్టాల్. ఒక రెక్క ముందు కూలితే విమానం ఆ పక్కకే గింగిరాలు తిరుగుతూ కిందికి పోతుంది. బయటపడే వరస ఇది: థ్రాటిల్ తగ్గించాలి, తిరిగే దిక్కుకు ఎదురు రడ్డర్ పూర్తిగా నొక్కాలి, స్టిక్‌ను ముందుకు తొయ్యాలి, తిరగడం ఆగాక రడ్డర్ మధ్యకు తెచ్చి మెల్లగా లేపాలి. నేల కళ్ల ముందు తిరుగుతూ పైకొస్తుంటే ప్రతి నరమూ స్టిక్‌ను వెనక్కి లాగమంటుంది. ముందుకు తొయ్యమని చెప్పేది ప్యాటర్ ఒక్కటే.

శిక్షణ విమానమంటే అందుకే ఒక వింత యంత్రం. కావాలంటే స్పిన్‌లో పడాలి, చెప్పినట్టు చేస్తే తప్పకుండా బయటికి రావాలి. రెండో సంగతి సాధించడం ఎంత కష్టమో హాల్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కిరణ్ స్థానంలో వస్తుందనుకున్న హెచ్‌జేటీ-36 సితార 2003 మార్చిలో తొలిసారి ఎగిరింది. 2011లో స్పిన్ పరీక్షలో ఒక విమానం కూలింది, పైలట్లు బయటికి దూకి బతికారు. తోకను, ఆకృతిని మళ్లీ దిద్దాల్సి వచ్చింది. రెండు పక్కలకూ ఆరేసి చుట్లు తిరిగి సురక్షితంగా లేచిందని హాల్ ప్రకటించింది 2022 జనవరిలో. తొలి ఎగురుకు, ఆ మాటకు మధ్య దాదాపు పందొమ్మిదేళ్లు.

ప్రాథమిక శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32 దీపక్ చరిత్ర ఇంకా చేదు. 260 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్. గాలిలో ఉండగా ఇంజిన్ ఆగిపోయే జబ్బు దీన్ని చివరిదాకా వదల్లేదు. ఎజెక్షన్ సీట్లు లేవు. 2009 జులై 31న మెదక్ జిల్లాలో కూలిన దీపక్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక వాటిని ఆపేశారు. మొత్తం 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు పోయారు. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లు మొదటి పాఠానికి తగిన విమానమే లేక కొత్తవాళ్లను నేరుగా కిరణ్ జెట్ ఎక్కించారు. 2012లో 75 స్విస్ పిలాటస్ పీసీ-7 విమానాలకు ఒప్పందం కుదిరి, 2013లో అవి దుండిగల్‌లో దిగాయి. 700 హార్స్‌పవర్, ఎజెక్షన్ సీట్లు. అవి ఉన్నా ఆపద పూర్తిగా తీరదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ తూప్రాన్ దగ్గర రావెల్లిలో కూలి, ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ కన్నుమూశారు.

పైమెట్టులో జరిగిన జాగు దీన్ని మించింది. కిరణ్‌లోనో, హకీంపేటలో 1975 నుంచి 2004 దాకా నడిచిన పోలండ్ ఇస్క్రాలోనో నేర్చుకున్న పిల్లలు ఆ వెంటనే గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలకు దిగే మిగ్-21 ఎక్కాల్సి వచ్చేది. నడుమ ఒక మెట్టు ఉండాలని వైమానిక దళ ప్రమాదాలను పరిశీలించిన లాఫాంటేన్ కమిటీ 1982లో చెప్పింది. హాక్ విమానాలకు సంతకాలైంది 2004లో. అవి బీదర్‌లో లాంఛనంగా చేరింది 2008లో. ఈ ఇరవై ఆరేళ్లలో ఆ మెట్టు లేకుండానే దూకినవాళ్లు, దూకలేక పడిపోయినవాళ్లు ఏ తరగతి గదిలోనూ పాఠంగా కనిపించరు. ఆ మెట్టు వచ్చాక, 2016 జూన్ 18న దుండిగల్‌లో పట్టా అందుకున్న తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ హకీంపేటలో కిరణ్, బీదర్‌లో హాక్ దాటే వెళ్లారు. 2018 ఫిబ్రవరిలో అవని మిగ్-21 బైసన్‌ను ఒంటరిగా ఎగిరించారు. బైసన్‌లో ఉండేది ఒక్క సీటే. అలాంటి విమానంలో మొదటి రోజే సోలో అన్నమాట, గురువు రేడియో దగ్గర నేల మీదే ఉండిపోతారు.

ఎండిన చెరువు, తిరిగే గాలిమర

గాలిలో చదవాల్సిన పుస్తకం నేలే. నావిగేషన్ పాఠంలో మ్యాప్ మడిచి తొడకు కట్టుకుని, గడియారం చూస్తూ, కింద గుర్తులు పోల్చుకుంటూ పోవాలి. మన ఉమ్మడి జిల్లా మీద ఎవరైనా ఆ పాఠం చదివితే తమాషాగా ఉంటుంది. గుత్తి కొండ, పెనుకొండ, గుంతకల్లు నుంచి ధర్మవరం వచ్చే రైలు పట్టాలు ఎప్పుడూ మోసం చేయవు. శింగనమల చెరువు, బుక్కపట్నం చెరువు మ్యాప్‌లో ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. వాన మొహం చాటేసిన ఏడు మే నెలలో పైనుంచి చూస్తే చుట్టూ ఉన్న చేల రంగులోనే కలిసిపోతాయి. నీటికి బదులు కట్ట వంపు చూసి గుర్తుపట్టాలి.

ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగాలన్నది ఇంకో పాఠం. ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా థ్రాటిల్ వెనక్కి లాగేసి, ‘ఇప్పుడు చెప్పు’ అంటారు. గాలికి ఎదురుగా దిగాలి కనుక ముందు గాలి ఎటో తెలియాలి. వేరేచోట పొగ వెతుక్కోవాలి, రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరలే ముఖం తిప్పి చెబుతాయి. చెనిక్కాయ పంట తీసేసిన చేను పైనుంచి నున్నగా రన్‌వేలా కనిపిస్తుంది. కిందికి వచ్చేకొద్దీ రాతి గట్లు, బోరు మోటారు గదులు, చేల మీదుగా వేలాడే కరెంటు తీగలు బయటపడతాయి. వెయ్యి అడుగుల్లో ఎంచుకున్న చేను మూడొందల అడుగుల్లో చేటు అవుతుంది. అప్పటికి మనసు మార్చుకునే ఎత్తు మిగలదు.

అందరూ ఈ పాఠాలన్నీ దాటరు. కొందరికి ల్యాండింగ్ కుదరదు, కొందరికి మబ్బుల్లో మీటర్లను నమ్మడం కుదరదు. అదనంగా కొన్ని సార్లు ఎగరనిచ్చి, వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో పంపి చూసి, అప్పటికీ కాకపోతే ఎగరడం ఆపిస్తారు. వాళ్లలో నావిగేషన్‌కో నేలపైని శాఖలకో వెళ్లేవారుంటారు, ఇంటికి పోయేవారూ ఉంటారు. ఊళ్లో పైలట్ అని బ్యానర్ కట్టేసిన ఇంటికి తిరిగి రావడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆపమని రాసే సంతకం కూడా గురువు పనిలో భాగమే. జాలితో పంపిన క్యాడెట్ రేపు ఒంటరిగా ఎగరాలి.

పిలాటస్ పక్కన నిలబడే విమానం మళ్లీ బెంగళూరు నుంచే రానుంది. హాల్ తన సొంత డబ్బుతో మొదలుపెట్టి, వైమానిక దళం మొదట్లో వద్దన్నా వదలకుండా పట్టుకున్న హెచ్‌టీటీ-40 2016 మే 31న ఎగిరింది. 2023 మార్చిలో 70 విమానాలకు రూ. 6,800 కోట్లకు పైబడిన ఒప్పందం కుదిరింది. వరసగా తయారయ్యే విమానాల్లో మొదటిది 2025 అక్టోబరు 24న గాలిలోకి లేచింది. ఇందులోనూ ఒకరి వెనక ఒకరే కూర్చుంటారు.

కొత్త విమానం వచ్చిందంటే ప్యాటర్ అంతా తిరగరాయాలి. ప్రొపెల్లర్ తిప్పుడుకు టేకాఫ్‌లో ముక్కు ఎంత పక్కకు లాగుతుందో, దానికి ఏ కాలు ఎంత వెయ్యాలో, దిగేటప్పుడు అద్దంలో రన్‌వే ఎక్కడ కనిపించాలో, అన్ని అంకెలూ మారతాయి. ముందుగా ఇన్‌స్ట్రక్టర్లే జతలుగా ఎగురుతారు. ఒకరు నేర్పుతుంటే ఇంకొకరు ముందు సీట్లో క్యాడెట్‌లా నటిస్తూ కావాలని తప్పులు చేస్తారు: ఎత్తులో ముక్కు లేపడం, రడ్డర్ మరచిపోవడం, చెప్పింది వినకపోవడం. ఈ నాటకం కోసం వాళ్ల దగ్గర ఉన్నవన్నీ దీపక్‌లోనూ కిరణ్‌లోనూ పిలాటస్‌లోనూ పిల్లలు చేసిన పాత తప్పులే. హెచ్‌టీటీ-40లో కొత్తగా ఏ తప్పులు పుడతాయో మొదటి బ్యాచ్ ఎక్కేదాకా వాళ్లకూ తెలియదు.